మగ్గానికో దర్భ

ఇవాళ గ్రహణమని తిరుత్తణి బజారులో దర్భలు కొంటావుంటే, ఆ గడ్డి వాసనకు నాయన మగ్గం గుర్తొచ్చింది.

చిన్నప్పుడొక గ్రహణం నాడు అవ్వ నీళ్ల కుండ మీద, ఊరగాయ జాడీలో దర్భలు వేసింది. దర్భ లేనిదంతా చెడిపోతుందనుకున్నాను. మగ్గం మీద నాయన సగం నేసిన చీర ఉంది. పడుగు దారాల మధ్య ఒక దర్భ గుచ్చేసినాను. పది పోగులు తెగినాయి.

గ్రహణం విడిచినాక నాయన చూసినాడు. ఏడుస్తా అంతా చెప్పేసినాను. అవ్వ చెయ్యెత్తింది.

"ఉండమ్మా," అన్నాడు నాయన. "కుండకు పెడితివి, జాడీకి పెడితివి. మనకు కూడు పెట్టేదాన్ని మనం మరిస్తిమి, బిడ్డ మరవలే."

పొద్దుగూకేదాకా తెగిన పోగులు ఒక్కొక్కటే అతికినాడు.

ఇప్పుడా మగ్గం లేదు. ఇంటికి పోయి, మొదటి దర్భ నా కుట్టుమిషన్ మీద పెట్టినాను.