తీతువు గుడ్లూ, మంచినీళ్ల కుండలూ

నా చిన్నప్పుడు మేము కడపలో ఒక కాలేజీ ఆవరణలోనే ఉండేవాళ్లం. నాన్న అక్కడి ఆఫీసులో గుమాస్తా. అప్పుడు నేను మూడో తరగతి. రెండో తరగతి అని మా తమ్ముడు వాదిస్తాడు కానీ, వాడు అప్పటికింకా బడిలోనే చేరలేదు కనుక వాడి మాట లెక్కలోకి రాదు.

హాస్టలుకూ తరగతి గదులకూ నడుమ రాళ్లు తేలిన ఖాళీ నేల ఉండేది. నాపరాయి పెచ్చులు, ఎండిన గడ్డి, మధ్యలో ఒకే ఒక తుమ్మచెట్టు. దాని కింద ఎండాకాలమంతా మంచినీళ్ల కుండలు పెట్టేవారు. హాస్టలు పిల్లలంతా అడ్డదారిన అటే వచ్చి, నీళ్లు తాగి, తరగతులకు పోయేవారు.

మా పక్కింటి అక్క ఆ కాలేజీలోనే జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివేది. ఆ ఏడు ఆమె పరిశోధనంతా తీతువు పిట్ట మీద. తీతువు చెట్టు మీద గూడు కట్టదు. నేల మీదే, రాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. అవి చూడడానికి గులకరాళ్లలాగే ఉంటాయి. మొదట పెట్టినవి ఎవరి చెప్పుల కిందో నలిగిపోయాయి. తొక్కినవాడికి ఆ సంగతి తెలిసి కూడా ఉండదు. మళ్లీ పెట్టిన నాలుగు గుడ్లూ ఆ దారి పక్కనే ఉన్నాయి. ఇవి కూడా పోతే ఆ ఎండాకాలానికి ఇంక పిల్లలుండవు, తన చదువూ అక్కడే ఆగిపోతుందని అక్క దిగులు.

అక్క నాకు గుడ్లు చూపించగానే, చుట్టూ తెల్లరాళ్లు పేరుస్తానని, నాన్నతో చెప్పి బోర్డు రాయిస్తానని హుషారుగా అన్నాను. అక్క వద్దంది.

“బోర్డు పెడితే తెలియనోళ్లకు గూడా తెలుస్తాది పాపా. తీతువు కూస్తేనే కీడని మన ఇండ్లల్లో తలుపులేసుకుంటారే, పరీక్షల ముందు దాని గుడ్లు ఈడ ఉండాయంటే హాస్టలు పిల్లోళ్లు ఉండనిస్తారా?”

మరునాడంతా ఆమె మా వాకిట్లో కూర్చుని ఎవరు ఎటు నడుస్తున్నారో చూసింది. దాహమైనవాళ్లు కుండల కోసం అటు వస్తున్నారు. దాహం లేనివాళ్లు వాళ్ల వెనకే వస్తున్నారు. అక్క నాన్నతో మాట్లాడి, ఆఫీసులో అనుమతి తీసుకుంది. ఆ సాయంత్రం తనూ, తనతో చదివే ఇద్దరూ కలిసి కుండలను ప్రహరీ వారగా ఉన్న కానుగచెట్టు కిందికి మార్చారు.

మరునాడు ఒక హాస్టలు అబ్బాయి నీళ్లు ముంచుకుంటూ, “ఏమక్కా, కుండలకు వాస్తు చూపించినావా?” అని ఎగతాళి చేశాడు.

“ఆ తుమ్మకు నీడ యాడుండాదప్పా? ఈడ నీళ్లు శానా సల్లగుండాయి, తాగి చూడు” అంది అక్క.

అందులో అబద్ధమేమీ లేదు. కానుగ నీడ నిజంగానే చిక్కన. అతను ఇంకో గ్లాసు తాగి మరీ పోయాడు. కొన్నాళ్లకే ప్రహరీ వెంట కొత్త దారి పడింది. పాత దారిలో ఎవరూ నడవడం లేదు.

ఒక మధ్యాహ్నం, అందరూ తరగతుల్లో ఉన్నప్పుడు, తీతువు కానుగ కిందికి వచ్చింది. కుండల దగ్గర ఒలికిన నీళ్లలో రొమ్ము ఈకలు తడుపుకుని, తిరిగి పోయి గుడ్ల మీద కూర్చుంది. ఎండకు గుడ్లు మాడిపోకుండా అలా చల్లబరుస్తుందట. ఇది కూడా ముందే ఆలోచించావా అక్కా అని నేను మురిసిపోయాను.

“లేదు పాపా. ఈ నీళ్లకు వస్తాదని నేననుకోలేదు. ఇప్పుడే నేర్చుకుంటాండా” అంది.

నాలుగు గుడ్లలో మూడు పిల్లలయ్యాయి. నాలుగోది ఎందుకు కాలేదని వాళ్ల మాస్టారు అడిగితే, తెలియదనే చెప్పిందట. చదువు మాత్రం ఆగలేదు. అక్క తమ అడుగులను పక్కకు తిప్పింది ఆ గుడ్ల కోసమేనని హాస్టలు పిల్లలకు చివరిదాకా తెలియలేదు.

ఇప్పుడు నా మనవరాలు చదివే యూనివర్సిటీలో పిల్లలు జట్లుగా తిరిగి పిట్టలనూ సీతాకోకచిలుకలనూ లెక్క వేస్తున్నారు. ఆ ఎండలో వాళ్ల ఓపిక చూస్తే ముచ్చటేస్తుంది. తాము కాపాడుకుంటున్న గడ్డినేలను గొర్రెలు మేసిపోతున్నాయని, కంచె వేయించమని అర్జీ పెడతామని మొన్న మనవరాలు కోపంగా చెప్పింది. పెట్టండి, కానీ ఆ గొర్రెలు అటే ఎందుకు వస్తున్నాయో ముందు కనుక్కోండి అన్నాను. ఎవరినైనా వద్దనే ముందు వాళ్లకేం కావాలో చూడడం నాకు ఆనాటి నుంచీ అలవాటు. రేపు పొద్దున్నే ఆమె గొర్రెల కాపరి దగ్గరికి పోతోంది. నేనూ వస్తానన్నాను.