మిల్లు చెవులకు మేలైన సంగీతం

ముప్పై ఏళ్ళు బియ్యం మిల్లు మోతలో బతికినవాడికి పాట మీద ఎంత ఆకలి ఉంటుందో మిల్లు లేనివాళ్ళకు ఎంత చెప్పినా అర్థం కాదు. ఆమదాలవలసలో మా మిల్లు తిరిగినంత కాలం నేను ఒక్క కచేరీ సాంతం విన్నది లేదు. మిల్లు లీజుకిచ్చిన రోజునే ఇంట్లో చెప్పేశాను. ఇకమీదట నా చెవులు నావి, మిగిలిన బతుకంతా కూర్చుని వింటాను, అదీ ఆషామాషీగా కాదు, వాయించేవాడి గోరు తీగకు తగిలిన చప్పుడుతో సహా వింటాను అని. ఆ ఒక్క కోరిక మీదే అన్నేళ్ళు ఊక దుమ్ము మింగాను.

రెండువేల పది దాటిన కొత్తల్లో మా ముందుగదిలోకి నా నడుమెత్తు స్పీకరు పెట్టెలు రెండు, ఒక ప్లేయరు, ఒక పడక్కుర్చీ వచ్చాయి. వాటి వెనకే డిస్కులు. మామూలు సీడీలు కావు, హై రిజల్యూషన్ డిస్కులు. సీడీలో పట్టని సన్నసన్నటి శబ్దాలు కూడా వీటిలో పడతాయట. విదేశాల నుంచి పార్శిల్లో వచ్చేవి. ప్రతిదాన్నీ మెత్తటి గుడ్డతో తుడిచి, బీరువాలో నిలబెట్టి, తాళం వేసేవాణ్ణి. నగల్ని నేనెప్పుడూ అంత భద్రంగా చూడలేదని మా ఆవిడ అనేది. నిజమే, నగలు పాడవు కదా.

నా సుఖానికి అడ్డం పడినవాడు ఒక్కడే, మా ఆవిడ తమ్ముడు. విజయనగరం వైపు జ్యూట్ మిల్లులో మగ్గాల షెడ్డు సూపర్‌వైజరు. సెలవు దొరికిన ప్రతి ఆదివారం ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని రైలు దిగేవాడు. వాడిది డౌన్‌లోడ్ మతం.

"ఏటి బావా, ఇంకా ఈ పళ్ళేలే కొంటన్నావా? ఇదే వీణ కచేరీ నేను డౌన్‌లోడ్ చేసుకున్నాను. బియ్యం సంచిలో వస్తే ఒక రుచి, లారీలో వస్తే ఒక రుచి ఉంటాదేటి?"

"దారిలో నూకైపోతాదిరా! నా డిస్కు సేత్తో పట్టుకుంటాను. నీ ఫైలేదీ, సూపించు సూద్దాం!"

వాడు ల్యాప్‌టాప్ తెరిచి పసుపుపచ్చ సంచి బొమ్మ ఒకటి చూపించేవాడు.

"అది బొమ్మరా. ఆవు బొమ్మ పాలిస్తాదా?"

ఇదీ వరస. ఒక తుఫానుకి నా డిస్కుల అట్టలకు బూజు పట్టింది. అదే తుఫానుకి కరెంటు పోయి వాడి ఫైలు ముప్పావు దిగి ఆగిపోయింది. ఇద్దరికీ బుద్ధి రావాల్సిన వారమది. ఫోనులో ఇంకా గట్టిగా కొట్టుకున్నాం. మేమిద్దరం ఫోనులో మాట్లాడుకుంటే వీధి చివర కిరాణా కొట్టాయనకు కూడా డిస్కులకూ ఫైళ్ళకూ తేడా తెలిసిపోయేది.

చివరికి మా ఆవిడకు విసుగు పుట్టింది. ఒక ఆదివారం భోజనాలయ్యాక చెయ్యి తుడుచుకుంటూ వచ్చి మా మధ్య నిలబడింది.

"రెండూ నేను పెడతాను. ఏది డిస్కో ఏది ఫైలో మీరు సెప్పండి. ఓడినోడు ఇంక ఈ ఇంట్లో దాని ఊసెత్తకూడదు."

ప్లేయరుకి ల్యాప్‌టాప్ తగిలించాం. డిస్కుకి ఏ బటన్, ఫైలుకి ఏ బటన్ అన్నది చూపించాం. లైట్లు కనబడకుండా ఆవిడ దాని మీద తువ్వాలు కప్పింది. నేను పడక్కుర్చీలో, వాడు నా పక్కన స్టూలు మీద. కచేరీలో కంజీర విడిగా వాయించే చోటు పెట్టమన్నాను. కంజీర అంటే తోలు బిగించిన చిన్న వాయిద్యం, అంచుకు గుచ్చిన లోహపు బిళ్ళలు చేతి దెబ్బకు గలగలమంటాయి. ఆ గలగలలోనే హై రిజల్యూషన్ మహత్యమంతా ఉంటుందని ఎక్కడో చదివాను. ఒకసారి వేసింది. ఆపి, తువ్వాలు కింద ఏదో నొక్కి, రెండోసారి వేసింది.

"మొదటిది డిస్కు," అన్నాను కళ్ళు మూసుకునే. "బిళ్ళలు ఒక్కొక్కటీ విడివిడిగా మోగినాయి. రెండోదాన్లో ముద్దయిపోయినాయి."

"ముద్దవడమేటి బావా! రెండోదే ఫైలు, అదే మేలు. బిళ్ళల సుట్టూ గాలి ఆడింది."

ఆవిడ తువ్వాలు తీసేసింది. "రెండుసార్లూ డిస్కే పెట్టినాను."

కోటబొమ్మాళిలో వాళ్ళ నాన్నది ధాన్యం వ్యాపారం. కొత్త బ్రోకరెవరైనా పెద్ద తెలిసినవాడిలా మాట్లాడితే, మామగారు ఒకే బస్తాలోని గింజల్ని రెండు పళ్ళేల్లో పోసి, ఏది మేలో చెప్పమనేవారట. వాడు తడుముకోకుండా ఒకదాన్ని మెచ్చుకుంటే మజ్జిగ ఇచ్చి పంపేసేవారు. ఈ సంగతి నా బావమరిదికీ తెలుసు, పుట్టిన దగ్గర్నుంచీ చూశాడు. అయినా పడ్డాడు.

"నాన్న బుద్ధి ఎక్కడికి పోతాదే అక్కా!" అని వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. అక్కడితో అయిపోతే బాగుండేది.

"అది సరే గానీ," అంది మా ఆవిడ, "కుడి పెట్టిలో బిళ్ళలు మీకెక్కడ మోగినాయి? పోయిన వానాకాలం నుంచీ అది దబదబమనడమే గానీ గలగలమన్నది లేదు. మీకు అలాగే ఇష్టమేమో అనుకున్నాను."

ప్రతి పెట్టెకూ పైన నిమ్మకాయంత ట్వీటరు ఒకటి ఉంటుంది, సన్నటి శబ్దాలన్నీ దాని పని. మళ్ళీ కంజీర పెట్టించి, మోకాళ్ళ మీద కూర్చుని కుడి ట్వీటరుకి చెవి ఆనించాను. ఏమీ లేదు. ఎడమ దానికి ఆనించాను. ఏమీ లేదు.

"రెండూ కాలిపోయినాయి," అన్నాను. తయారుచేసినవాణ్ణి, అమ్మినవాణ్ణి, మా ఊరి ఓల్టేజీని కలిపి తిట్టడం మొదలెట్టాను.

"అదేటండీ," అంది ఆవిడ. "ఎడమది గలగలా మోగుతానే ఉన్నాది కదా."

నా తిట్టు సగంలో ఆగింది. వాడు వచ్చి ఎడమ పెట్టెకు చెవి పెట్టాడు. ఆ చెవి తీసి ఈ చెవి పెట్టాడు. లేచి నా వంక చూశాడు. బియ్యం మిల్లు ఒకటి, జ్యూట్ మిల్లు ఒకటి, రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటూ నిలబడ్డాయి. నాకు అంత భయం మిల్లు బెల్టు తెగి నా తల పక్కనుంచి ఎగిరిపోయిన రోజున కూడా వెయ్యలేదు.

శ్రీకాకుళంలో చెవుల డాక్టరు ఇద్దర్నీ ఒకరి తరవాత ఒకర్ని గాజు గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నాడు. బయట కూర్చుని గాజులోంచి వాణ్ణి చూశాను. వేలు బటన్ మీద పెట్టుకుని, పరీక్ష ఇంకా మొదలవలేదనుకుని, బుద్ధిగా ఎదురుచూస్తున్నాడు. డాక్టరు గీత గీస్తూనే ఉన్నాడు.

మిల్లు మోత సన్నటి శబ్దాల్ని తినేసిందని, తిన్నది తిరిగి రాదని, మిగిలింది కాపాడుకోమని చెప్పాడాయన. వీణ వినబడుతుందట, దాని అంచులు వినబడవట. తిరుగు బస్సులో వాడన్నాడు, "బావా, అంత సన్నటి మోత గబ్బిలాలకే వినబడతాదంట. ఇన్నేళ్ళూ మనం కొట్టుకున్నాది గబ్బిలాల కోసం." ఆ మాట వాడు చెప్పిన గట్టితనానికి బస్సంతా వెనక్కి తిరిగింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె," అంది. నా ముఖం చూసి వెంటనే నాలిక కరుచుకుంది. నేను ఏడ్చాను. దాచుకోలేదు. కాస్త దూది పెట్టుకుంటే పోయేదానికి, మగాడు చెవుల్లో దూదేంటని మిల్లులో అందరితో పాటు నేనూ మిడిసిపడ్డాను. వినడానికని దాచుకున్నదంతా దాచుకున్న చోటే ఎలకలు తినేసినట్టయింది. నెల్లాళ్ళు ఆ గదిలోకి వెళ్ళలేదు. వాడూ రాలేదు.

తరవాత ఒకరోజు కొత్త ట్వీటరు తెప్పించి, బిగించడానికి రమ్మని వాడికి ఫోను చేశాను. వచ్చాడు. స్క్రూలు విప్పుతూ, "మనకెలాగూ వినబడదు కదా, దేనికి బావా ఇది?" అన్నాడు.

"మీ అక్కకి వినబడతాది."

పొయ్యి మీద పులుసుందని ఆవిడ నసిగింది. పొయ్యి కట్టేసి, లాక్కొచ్చి పడక్కుర్చీలో కూర్చోబెట్టాను. అన్నేళ్ళలో ఆవిడ అందులో కూర్చోవడం అదే మొదలు. మేమిద్దరం కింద చాప మీద కూర్చున్నాం. వీణ మొదలైంది. ఊరుకోవచ్చు కదా, వాడు ఊరుకోలేదు.

"అక్కా, ఇప్పుడు నిజం సెప్పు. ఇది అయ్యాక నా ఫైలు పెడతాను, రెండిట్లో ఏది..."

"ఫైలేటిరా మధ్యలో! డిస్కు పూర్తిగా విననీ..."

"ఇద్దరూ నోరు ముయ్యండి," అంది ఆవిడ. "నన్ను వినియ్యండి."

మూసుకున్నాం. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. కంజీర వంతు వచ్చింది. తోలు మీద దెబ్బ నాకూ వినబడింది, ఆ పైన ఇంకేమీ లేదు. అప్పుడు ఆవిడ కనుబొమ్మలు పైకి లేచాయి, పెదవులు విడివడ్డాయి. బిళ్ళలు మోగాయని తెలిసింది.