ఫ్రేము అంచున కొండలయ్య

అవనిగడ్డ బస్టాండు ఎదుట ఫొటో స్టూడియో నడిపే సొలొమోను ముప్పై ఏళ్లుగా ఒకే పాఠం చెబుతున్నాడు. పాస్‌పోర్టు ఫొటోకి వచ్చినవాళ్లకీ చెబుతాడు, వానకి పంచన నిలబడ్డవాళ్లకీ చెబుతాడు. "నొక్కే ముందు నాలుగు మూలలూ చూసుకోండి. తల మీద కాస్త చోటు వదలండి. అంచు మీద మనిషిని కోసేయకండి." చెప్పాక మంచినీళ్లిస్తాడు. కొందరు నీళ్ల కోసమే వింటారు.

ఆ మంగళవారం నాగాయలంక నుంచి అంకాలమ్మ, ఆమె కూతురు సుధామణి వచ్చారు. అంకాలమ్మ భర్త, చేపల వేట మీద బతికిన కొండలయ్య పోయి తొమ్మిది రోజులైంది. గురువారం పెద్దకర్మ. దండ వేయడానికి పెద్ద ఫొటో కావాలి. కెమెరా కనబడితే పక్కకు తప్పుకునే మనిషి ఆయన. గుర్తింపు కార్డు పడవలో తడిసి, మొహం ఉండాల్సిన చోట ఉప్పు మిగిలింది. ఇల్లంతా వెతికితే సుధామణి పెళ్లి ఫొటో ఒక్కటి దొరికింది. అందులోనూ అంచున సగం మొహమే ఉంది.

సుధామణి ఫోను చాపింది. "ఏఐలో పెడితే మిగతా సగం వచ్చేసిందండీ. దీన్నే పెద్దది చేసివ్వండి, చాలు."

తెర మీద కొండలయ్య నిండుగా ఉన్నాడు. పళ్లు తెల్లగా ఉన్నాయి. కుడి బుగ్గ మీది పుట్టుమచ్చ ఎడమ బుగ్గ మీద కూడా మొలిచింది.

అంకాలమ్మ వంగి చూసింది. "ఎవరే ఈయన? మీ మావగారి తరఫా?"

"నాన్నేనే అమ్మా!"

"మీ నాన్నకి ఎడం బుగ్గ మీద జెల్ల చేప ముల్లు గీసిన గాటు ఉండాలిగా. ఈయనెప్పుడూ వలే ముట్టనట్టున్నాడు."

సొలొమోను వాళ్లు తెచ్చిన పాత పెళ్లి ఫొటోని వెనక్కి తిప్పాడు. తన స్టూడియో ముద్రే. ముందువైపు పూలమండపం సరిగ్గా మధ్యలో వచ్చింది. చాలా బాగా వచ్చింది. పెళ్లికూతురి తండ్రి మాత్రం సగానికి తెగిపోయాడు.

ఫోనులోది ప్రింటు తీసిచ్చేస్తే తాను కోసిన సంగతి ఇంకెవరికీ గుర్తుండదు. ఆ ఆలోచన ఆయనకు రానే వచ్చింది. కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకున్నాడు.

"అమ్మా, ఈ ఏఐ కొండలయ్య గారిని చూడలేదు. ఎక్కడెక్కడివో లక్షల మొహాలు చూసి, ఇక్కడ ఇలాంటి బుగ్గ ఉండొచ్చులే అని పెట్టింది. అబద్ధమని దానికీ తెలీదు. ఈ సగం ఆయన. ఆ సగం ఎవరూ కాదు. ఆయన్ని కోసింది మాత్రం నేనే."

"పోనీ, గాటు కూడా పెట్టమని అడుగుదామండీ," అంది సుధామణి.

"పెడుతుందమ్మా. ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడుతుంది. అదేగా భయం."

అంకాలమ్మ పాత ఫొటో కేసే చూస్తోంది. "ఉన్న సగమే ఇవ్వండి. ఇంటికి చుట్టాలొస్తే తలుపు పక్కనుంచి ఇలాగే చూసేవాడు."

సొలొమోను ఆ సగం మొహాన్ని పెద్దది చేసి, అంచునే ఉంచి, చూపు పోయేవైపు ఖాళీ వదిలాడు. అదీ ఆయన పాఠంలో ఒక ముక్కే.

గురువారం దీపం వెనక ఆ ఫొటో పెట్టారు. దండ వేశారు. అంకాలమ్మ పిలవడంతో సొలొమోనూ వచ్చాడు. కొండలయ్య తమ్ముడు రాంబాబు భోజనాల వరసలో కూర్చుని చాలాసేపు చూశాడు.

"వదినా, అన్న మిగతా సగమేదీ?"

"సొలొమోను గారు కోసేశారంట."

వరసంతా సొలొమోను వైపు తిరిగింది.

"నిజమేనండీ," అన్నాడాయన తలొంచుకుని.

అంకాలమ్మ ఆయన విస్తట్లో ఇంకో గారె వేసి, పక్క విస్తరి దగ్గరకు వెళ్లింది.