త్రిత్వ పండుగ పాటలో మూడో చరణం

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మనవరాలు తన సెల్‌ఫోను తెచ్చి, మా పుట్టింటి ఊళ్ళో ఆ ఉదయమే జరిగిన త్రిత్వ పండుగ చూపించింది. మోకాళ్ళ నొప్పులతో ఈ ఏడు పాచిపెంట నుంచి కదలలేకపోయానని నేను దిగులుపడుతున్న సంగతి దానికి తెలుసు, పాపం నా మనసు కుదుటపరచాలనే తెచ్చింది. రంగు కాగితాల తోరణాలు, తెల్లటి పూజావస్త్రాల్లో గురువుగారు, కొత్త మైకులు, అన్నీ చూసి మురిసిపోతున్నాను. అంతలో మా వదినను ముందుకు పిలిచి, ఈ గుడి పాటను ఇన్నేళ్ళుగా నిలబెట్టిన పెద్దావిడ అని చెప్పి శాలువా కప్పారు. నేను ఫోను పక్కకు జరిపి, వెలుతురుకు కళ్ళు లాగుతున్నాయని చెప్పాను. ఇంత వయసు వచ్చి, మనవలను ఎత్తుకున్న తరవాత కూడా, ఆవిడను ఎవరైనా పొగిడితే నా గుండెల్లో ఒక నిప్పురవ్వ పడుతుంది. నా ఈడు వాళ్ళలో ఇలాంటి నిప్పు ఒకటి దాచుకోని వాళ్ళు తక్కువే ఉంటారన్న ధైర్యంతో చెబుతున్నాను.

మా ఊరు అరకు దాటి లోపలికి, కొండల నడుమ ఉంటుంది. మా నాన్న ఆ ఊరి ఉపదేశి. గురువుగారు ఎప్పుడో ఒకసారి కొండలెక్కి వచ్చి పూజ చేసి వెళ్ళిపోతే, మిగిలిన ఆదివారాలు ఊరందరి చేత జపాలు చెప్పించడం, పిల్లలకు పాటలు నేర్పడం నాన్న పని. వారం రోజులూ అందరిలాగే కొండవాలున చోళ్ళు, అంటే రాగులు, సామలు పండించుకునేవాడు. మా తాత కాలంలోనే మా ఇల్లు జ్ఞానస్నానం తీసుకున్నా, మా నానమ్మ మాత్రం ఇటు గుడికి వస్తూనే అటు కొండదేవతకు దణ్ణం పెట్టడం మానలేదు, నాన్న కూడా ఆవిడను ఏనాడూ ఏమీ అనలేదు.

మా గుడి త్రిత్వైక సర్వేశ్వరుని పేరున కట్టినది కావడంతో, మాకు క్రిస్మస్ కంటే ఆ పండుగే పెద్దది. పవిత్రాత్మ దిగివచ్చిన పండుగ తరవాతి ఆదివారం అది వస్తుంది. తొలి రోజుల్లో దీనికి వేరే పండుగంటూ లేదనీ, ప్రతి ఆదివారమూ పిత, పుత్ర, పవిత్రాత్మలదే కదా మళ్ళీ ఒక రోజు ఎందుకని పెద్దలు అనేవారనీ, అక్కడక్కడా జనం ఇష్టంగా చేసుకుంటూ ఉంటే ఎన్నో వందల ఏళ్ళకు పోపుగారు లోకమంతటికీ ఖాయం చేశారనీ నాన్న ఏటేటా ఒకే రకంగా చెప్పేవాడు. మా వైపు అది సరిగ్గా తొలకరి వేళకు వచ్చేది. పనసపళ్ళ వాసనతో ఊరంతా మత్తుగా ఉండేది. విత్తనాలు చల్లబోయే ముందు ప్రతి ఇంటి వాళ్ళూ కాసిని చోళ్ళు చేటలో తెచ్చి పీఠం ముందు పెడితే, గురువుగారు వాటి మీద తీర్థం చల్లేవారు. పూజ అయ్యాక అడ్డాకుల విస్తర్లలో కోడికూర భోజనం, ఆ తరవాత చీకటి పడేదాకా డప్పులు, ఆడవాళ్ళ థింసా నాట్యం.

అన్నిటికంటే ముఖ్యం పాట. ఆ పాట నాన్న కట్టినదే. తండ్రి మీద చరణం మగవాళ్ళు, కుమారుని మీద చరణం ఆడవాళ్ళు తెలుగులో పాడేవారు. పవిత్రాత్మ మీద మూడో చరణం మాత్రం మా కొండమాటలో ఉండేది, దాన్ని పెళ్ళికాని పిల్ల ఒక్కతే పీఠం దగ్గర నిలబడి పాడాలి. పవిత్రాత్మను తెలుగులో ఆదరణకర్త అంటారు కదా, ఆ మాటకు మా కొండమాటలో సరైనది దొరకక, నాన్న చాలాకాలం ఆలోచించి, తల్లిలా పక్కన కూచునేవాడు అనే అర్థం వచ్చేలా కట్టాడు. ఆ చరణం మా పక్కింటి అక్క ఏళ్ళ తరబడి పాడింది. ఆమెకు పెళ్ళి కుదిరిందని తెలిసిన రోజున ఊళ్ళో అందరికంటే ఎక్కువ సంతోషించినదాన్ని నేనే. ఇక వంతు నాది.

ఆ వేసవిలోనే గుమ్మలక్ష్మీపురం వైపు ఇచ్చిన మా మేనత్త జ్వరంతో పోయింది. నాన్న వెళ్ళి, చెల్లెలి కూతురిని వెంటబెట్టుకొని వచ్చాడు. నాకంటే కొంచెం పెద్దది, వరసకు వదిన, సన్నగా పొడుగ్గా ఉండేది, ఎవరైనా పలకరిస్తే తలవంచుకునేది. వచ్చిన మర్నాటి నుంచే అమ్మ ముందు ఆ పిల్లకు తల దువ్వి, తరవాత నన్ను పిలవడం మొదలుపెట్టింది. పనసతొనల్లో మంచివి ఆమె ఆకులో పడేవి. సంతకు వెళ్తే నాన్న పక్కన నడిచే చోటు ఆమెది, నేనూ అన్నయ్యా వెనక. ఆమె నీళ్ళ కుండ పగలగొట్టినా అమ్మ ఏమీ అనేది కాదు, నేను గట్టిగా తలుపు వేసినా ఊరంతా వినబడేలా కేకలేసేది. ఇదంతా ఎలాగో సహించాను గానీ, ఒక సాయంత్రం ఆమె వాకిలి తుడుస్తూ తనలో తాను ఏదో కూనిరాగం తీస్తుంటే నాన్న చేతిలో పని ఆపి వినడం చూశాను. అలా ఆగి నా పాట ఎప్పుడూ వినలేదు. ఆ చూపులోనే నాకు సంగతి తెలిసిపోయింది.

పండుగకు ముందువారం నాన్న నన్ను పిలిచాడు.

"ఈ యేడు మూడో సరణం వదిన పాడతాదమ్మా. నువ్వు వచ్చే యేడు పాడుదువు."

 అమ్మ గొడ్డలి తెమ్మంటే కత్తిపీట తెచ్చి ఇచ్చాను, మళ్ళీ తిట్లు తిన్నాను. ఆ వారంలోనే ఒకరోజు నాన్న పిల్లల్ని కూచోబెట్టి ఒక దేవునిలో ముగ్గురు ఎలా ఉంటారో చెప్తుండగా, అందరి మధ్యా లేచి నిలబడి, ఆ ముగ్గురిలో ఒకరంటే ఒకరికి కుళ్ళు ఉండదా అని అడిగాను. పిల్లలు నవ్వారు. నాన్న నవ్వలేదు.

"ఉండదమ్మా. అది మనకి సేతకాదు గనకే ఏడాదికోపాలి పండగ సేసుకుంటన్నాం," అన్నాడు.

పండుగ నాడు వాన తెరిపిచ్చింది. గురువుగారు ముందురోజే ఊరి కింద పారే గెడ్డ దాటి వచ్చేశారు. పైఊళ్ళ వాళ్ళు కూడా రావడంతో గుడి నిండి, జనం గుమ్మం బయట నిలబడ్డారు. మగవాళ్ళ చరణం అయింది, ఆడవాళ్ళది అయింది, వదిన పీఠం దగ్గరకు వెళ్ళి నిలబడింది. అమ్మ తన పెళ్ళినాటి పూసల దండ ఆమె మెడలో వేసింది, అదీ చూశాను. మొదటి ముక్క ఎత్తుకోగానే గుడిలో చంటిపిల్లలు కూడా నోరు మూసుకున్నారు. అంత బాగా పాడుతుంటే నేను ముందు వరసలో పిడికిళ్ళు బిగించి నిలబడి ఉన్నాను. తల్లిలా పక్కన కూచునేవాడా అన్న చోటికి వచ్చేసరికి ఆమె గొంతు ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ అక్కడే ఆగింది. మొహం చేతుల్లో దాచుకుంది. 

అప్పుడు నేను ఎత్తుకున్నాను. ఎవరూ చెప్పలేదు, నిలబడ్డ చోటే నిలబడి, ఆమె వదిలిన మాట దగ్గర అందుకొని పాడాను. జాలితో పాడానని తరవాత, గురువుగారితో వచ్చిన సిస్టర్లు అన్నారు. అది జాలి అని నేను చెప్పలేను, నాది నా చేతికి వచ్చిందన్న ఆత్రమే ఎక్కువ. రెండు ముక్కలు పాడానో లేదో, వదిన వచ్చి నా చెయ్యి పట్టుకుని గొంతు కలిపింది. చివరిదాకా ఇద్దరం కలిసే పాడాం.

పూజ అయ్యాక చూడాలి. ముసలమ్మలందరూ వదినను గుండెలకు హత్తుకొని, తల్లి లేని గుంటపిల్ల ఎంతలా ఏడ్చేసిందో అనీ, తమ కడుపులు తరుక్కుపోయాయనీ చెప్పుకుంటూ విస్తర్ల ముందు కూచున్నారు. పాట ఎవరు పూర్తిచేశారన్న ఊసే లేదు. నాన్న ఒకసారి దగ్గరకు వచ్చి, ఇద్దరూ బాగా పాడారని ఇద్దరి తలల మీదా చేతులు వేశాడు. ఆ 'ఇద్దరూ' అన్న మాట నాకు కోడికూర రుచి తెలియకుండా చేసింది. మరుసటి ఏడు నా వంతు వస్తుందని చూస్తే, జనం అడిగారని మూడో చరణం ఇద్దరి చేతా పాడించాడు. ఆ పై ఏడూ అంతే. ఒంటరిగా ఆ చరణం పాడే అదృష్టం నాకు ఎన్నడూ పట్టలేదు.

తరవాత మా అన్నయ్యకు ఆమెనే చేసుకున్నారు. మేనరికమని ఇరువైపులా సంబరపడ్డారు. నన్ను పాచిపెంట ఇచ్చారు. నేను పుట్టిన ఇంట్లో ఆమె ఉండిపోయింది, నేను చుట్టపుచూపుగా వెళ్ళేదాన్నయ్యాను. పండుగకు వెళ్ళినప్పుడల్లా అమ్మ పొయ్యి దగ్గర, నాన్న మంచం దగ్గర, గుడిలో పిల్లల ముందు, ఎక్కడ చూసినా ఆమే.

నాన్న మంచాన పడ్డాడని సంతకు వచ్చిన మనిషి చెప్పగానే నేనూ మా ఆయనా బయలుదేరాం. అది నడివానాకాలం. మా ఊరి కిందికి చేరేసరికి గెడ్డ పొంగి పారుతోంది. అవతలి గట్టున మా వాళ్ళు కనబడుతున్నారు, ఏదో చెబుతున్నారు, నీటి హోరులో వినబడదు. నీళ్ళు తగ్గి మమ్మల్ని చేతులు పట్టుకుని దాటించేసరికి పొద్దు వాలిపోయింది. అప్పటికే నాన్నకు కొత్త బట్ట కప్పేశారు. వదిన ఒళ్ళో తల పెట్టుకొని, ఆమె చేత మూడో చరణం పాడించుకుంటూ వెళ్ళిపోయాడట. అందరూ అది ఎంత మంచి చావో చెబుతున్నారు. ఏడవవలసిన వేళ నాకు ఏడుపు రాలేదు, అక్కసు వచ్చింది.

మట్టి చేసిన మర్నాడు ఇద్దరం బట్టలు ఉతకడానికి గెడ్డకు వెళ్ళాం. రాతి మీద బట్ట బాదుతూ బాదుతూ అనేశాను.

"మా నాన్న పాట నీకే వచ్చింది. ఇల్లు నీకే వచ్చింది. ఆకరికి మా నాన్న సావు కూడా నీకే దక్కింది వదినా."

ఆమె చీర పిండి పక్కన పెట్టింది.

"అత్త నిన్ను ఎలా తిట్టేదో గేపకమున్నాదా? ఏటే గుంటా, ఏటి సేత్తన్నావు, బేగి రాయే, అని. రోజూ తిట్టేది. నన్ను ఇన్నేళ్ళలో ఒక్కపాలి తిట్టలేదు. నాను కావాలనే కుండ పగలగొట్టాను ఒకనాడు. అప్పుడూ తిట్టలేదు. కన్నకూతుర్నే తిడతారు గదా అని, మూల కూకొని నీ తిట్లు ఇనీదాన్ని."

 ఆమె బట్టలు కూడా తీసుకొని ఉతికేశాను. అప్పుడు ఏడుపు వచ్చింది, నాన్న కోసం.

అది విన్నాక నా కుళ్ళు కడుక్కుపోయిందని రాస్తే మీరు సంతోషిస్తారు గానీ, అలా ఏమీ జరగలేదు. అమ్మ చివరి రోజుల్లో ఆమెను కూడా కేకలేయడం మొదలుపెట్టిందని అన్నయ్య నవ్వుతూ చెప్పినప్పుడు, నా తిట్లలో కూడా వాటా తీసుకుందా అని మనసు చివుక్కుమంది.

ఇప్పుడు ఆ గెడ్డ మీద వంతెన పడింది. గురువుగారు కారులో వచ్చి పూజ చేసి, మధ్యాహ్నానికి మరో ఊరి పండుగకు వెళ్ళిపోతారు. చోళ్ళ చేటలు తెచ్చేవాళ్ళు తగ్గారు, కొండవాలంతా కాఫీ తోటలు. పిల్లలు కీబోర్డు పెట్టుకుని, మూడు చరణాలూ తెలుగులోనే, అందరూ ఒక్కసారిగా పాడేస్తారు. కొండమాట వాళ్ళకు రాదు. ఒక్కతే నిలబడి పాడే చోటు లేదు కనుక, వంతు కోసం ఎదురుచూసే పిల్లా లేదు, పండుగ నాడు కోడికూర రుచించక కూచునే పిల్లా లేదు. మంచిదే కావచ్చు. నాన్న కట్టిన మాటలతో ఆ చరణం పూర్తిగా వచ్చినవాళ్ళం ఇక వదినా నేనూ మిగిలాం. నేను వెళ్ళలేని ఏడు పండుగ ముందురోజు ఆమె ఫోను చేస్తుంది, ఒక ముక్క ఆమె, ఒక ముక్క నేను పాడుకుంటాం. ఈ వయసులోనూ ఆమె గొంతు నా గొంతు కంటే బాగుంటుంది.