బోనస్‌కి చూద్దాం

నిన్న మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా బోనస్ జమ అయినట్టు ఫోనుకు సందేశం వచ్చింది. అంకె సరిచూసుకుని, టాటానగర్ కాసిడీహ్‌లోని ఇంటికి చేరాక డైరీలో రాసుకుని, ఇక ఎవరికీ చెప్పే పని లేదు గనుక ఒక్కదానికి సరిపడా బియ్యం కడిగి పొయ్యిమీద పెట్టాను.

నిఘంటువులో బోనస్ అనే మాటకు అదనంగా వచ్చే సొమ్మని అర్థం ఉంది. ఇదే ఊళ్ళో అగ్రికో కాలనీలోని కార్ఖానా క్వార్టరులో మేమున్న రోజుల్లో అది ఎన్నడూ అదనం కాదు. దుర్గాపూజ ముందు నాన్నగారికి కార్ఖానాలో వచ్చే ఆ సొమ్మును ఏడాది పొడుగునా మేము ముందే పంచేసుకునేవాళ్ళం. చిరిగిన దుప్పటికీ, కారే బకెట్టుకూ, చెప్పుకోలేని కోరికకూ మా ఇంట్లో ఒకటే సమాధానం, బోనస్‌కి చూద్దామని. కార్మికుల ఇళ్ళలో పెరిగిన మీకూ ఆ గడువు గుర్తుండే ఉంటుంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడాది సైకిలు కావాలన్నాను. ఎన్నడూ ఏదీ అడగని అమ్మ, పలాసలో ఒంటరిగా ఉన్న అమ్మమ్మను చూసి వస్తానంది. ఈసారి బోనస్ శాతం పెరుగుతుందని వీధంతా చెప్పుకుంటున్నారు. లెక్కలంటే నాకప్పటికే గర్వం. ఆ మాట నమ్మి, నోటుపుస్తకంలో కూడికలూ తీసివేతలూ చేసి, రెండూ అవుతాయని చూపించాను. అమ్మ నా అంకెలను నమ్మి, వస్తున్నానని అమ్మమ్మకు కార్డు రాసేసింది.

తీరా ప్రకటించిన శాతం తక్కువైంది. ఒకటే అవుతుందని నాన్నగారు అమ్మవైపు చూశారు.

"పాపకి సైకిలు కొనీండి. మాయమ్మ ఎక్కడికెలిపోద్దేటి, మళ్ళీ బోనస్‌కి ఎల్తాను," అంది అమ్మ.

"అలాగైతే ఏడాదంతా నన్ను దెప్పకేం!" అని నాన్నగారు నవ్వారు.

నాకొద్దని నేను అనవలసిన క్షణం అదే. నేను సైకిలు రంగు గురించి ఆలోచిస్తున్నాను.

మళ్ళీ బోనస్ రాకముందే, మాఘమాసంలో, అమ్మమ్మ పోయిందని పలాస నుంచి టెలిగ్రాం వచ్చింది. అమ్మ ఆ సాయంత్రమే టాటానగర్ నుంచి బయలుదేరింది. తిరిగివచ్చేటప్పుడు, అమ్మమ్మ దిండు కింద దొరికిన, తాను రాసిన కార్డును వెంట తెచ్చుకుని ట్రంకుపెట్టెలో దాచుకుంది; నన్ను మాత్రం ఎన్నడూ ఏమీ అనలేదు. ఆ సైకిలు ధర నా తొలి డైరీలో పైసలతో సహా ఉంది. ఆ ప్రయాణానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో లేదు. ఆ ప్రయాణం బోనస్ కోసం ఆగలేదు.

ఇప్పుడు పలాసకు టికెట్టు ఏ రోజైనా ఫోనులోనే తీసుకోవచ్చు. అక్కడ నాకెవరూ లేరు. ఇక్కడ, బోనస్‌కి చూద్దామని నేను సర్దిచెప్పవలసినవారూ లేరు. నిఘంటువులోని అర్థం ఇన్నాళ్ళకు మా ఇంటికి సరిపోయింది.