ఇన్వర్టరుకు మేత

అద్దంకి పక్కన మా ఊళ్లో ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఉక్కపోత భరించలేక, రెండు వేల సంవత్సరం దాటాక ఒక వేసవిలో నాన్న ఇన్వర్టర్ కొన్నాడు. అమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. కరెంటు పోయినా మా ఫ్యాను తిరుగుతుంటే ఇరుగుపొరుగు వాళ్లంతా వచ్చి వసారాలో చేరారు.

ఆ వైభోగం వారం కూడా నిలవలేదు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయిన కాసేపటికే పెట్టె కీచుకీచుమని అరిచి ఆగిపోయింది. నాన్న కొట్టువాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు. నేను వెళ్లి చూస్తే దాని గోడ స్విచ్చు కట్టేసి ఉంది.

"ఇదెవరు కట్టేశారు నాన్నా?"

"నేనే. కరెంటు రాగానే రోజూ కట్టేస్తున్నా. కరెంటున్నప్పుడు దాంతో పనేంటి? కాసేపు పడుకోనియ్. ఎడ్లనైనా పొద్దస్తమానం కాడి కింద ఉంచుతామా?"

ఛార్జరు కూడా ఆ పెట్టెలోనే ఉందని, కరెంటున్నప్పుడే బ్యాటరీ నిండుతుందని నేను గొంతు చించుకున్నాను.

"నాకు చెప్పొచ్చావటే!" అని నామీదికి లేచాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

వంటింట్లోంచి అమ్మ అంది. "ఏవండీ, కాడి దించిన ఎడ్లని మేతెయ్యకుండానే పడుకోబెడతారా?"

నాన్న వెళ్లి స్విచ్చు వేశాడు.

మర్నాడు నా ఫోను ఛార్జింగు పెట్టుకుందామని ఇన్వర్టరు ప్లగ్గు తియ్యబోయి దాని మీద చెయ్యి వేశానో లేదో, వీధిలోంచి నాన్న కేక వినిపించింది.

"ఒసేయ్, చెయ్యి తియ్! అది మేస్తుంటే కనపడట్లా?"