కొలాప్‌కి వేయని టీకా

కంబోడియాలోని బట్టంబాంగ్‌లో మా పిల్లల సర్కస్‌కి వంట చేసేది మాలీ. చిన్నప్పుడు ఆమె తమ్ముడు మెదడువాపుతో పోయాడు. వరిచేలల్లో పుట్టిన దోమ కుట్టింది, అంతే. ఆ రోజుల్లో వాళ్ల ఊరికి దాని టీకా రాలేదు. ఈ సంగతి ఆమె పిల్లలకెప్పుడూ చెప్పలేదు. కొత్త పిల్ల ఎవరొచ్చినా మాత్రం "టీకాలన్నీ అయ్యాయా?" అనేది. లేదంటే చెయ్యి పట్టుకుని ఆరోగ్య కేంద్రానికి లాక్కుపోయేది. పిల్లలు ఆమెని 'సూది పిన్ని' అనేవాళ్లు. డోలు వాయించే నన్నూ వదల్లేదు.

ఓ ఏడాది ఆఫ్రికాలోని ఘానా నుంచి ప్రదర్శనకి రమ్మని మాకు పిలుపొచ్చింది. అక్కడ కాలుపెట్టాలంటే ఎల్లో ఫీవర్ టీకా ఉండాలి. అదీ దోమతో వచ్చే జబ్బే.

"బయల్దేరకముందే పిల్లకి జ్వరం తెప్పిస్తారా?" అని ఒక తల్లి గొడవకొచ్చింది.

"టీకాకి ఒళ్లు వెచ్చబడితే ఒక పూట పడుకుని లేస్తుంది. ఆ జబ్బొస్తే లేస్తుందో లేదో! ఏది కావాలో నువ్వే చెప్పు," అంది మాలీ. ఆ తల్లి సంతకం పెట్టేసింది.

అందరం బస్సులో రాజధాని నమ్‌పెన్‌లోని ఆసుపత్రికి వెళ్లాం. ఒకరి భుజాల మీద ఒకరం ఎక్కి కట్టే మా గోపురంలో చిట్టచివర నిలబడే పిల్ల కొలాప్. దాంతోపాటు అమ్మమ్మ కూడా వచ్చింది.

డాక్టరమ్మ కొలాప్‌ని అడిగింది: "గుడ్డు తింటే ఎప్పుడైనా ఒళ్లు వాచిందా?"

కొలాప్ అడ్డంగా తలూపింది. అమ్మమ్మ మెడలో తువ్వాలు సర్దుకుంటూ, "దీనికి రాళ్లు తిన్నా అరుగుతాయి డాక్టరమ్మా!" అంది. అందరం నవ్వాం, మాలీ తప్ప.

"గుడ్డుకీ ఈ సూదికీ ఏంటి సంబంధం?" అని అడిగింది.

"ఈ టీకాని గుడ్లలోనే తయారుచేస్తారమ్మా. గుడ్డు బొత్తిగా పడని పిల్లలకి ప్రాణం మీదకి రావచ్చు."

నర్సు అప్పటికే కొలాప్ చెయ్యి దూదితో తుడుస్తోంది.

"ఆగండి," అంది మాలీ. "పసితనంలో గుడ్డు ముక్క తిని దీనికి ఊపిరాడలేదు. ఆసుపత్రిలో బతికించారు. సర్కస్‌లో చేర్చిన రోజు ఈ పెద్దమ్మే నాకు చెప్పింది."

"పిన్నీ, ఊరుకో!" అని అరిచింది కొలాప్.

"నీ సొమ్మేం పోయిందే?" అని అమ్మమ్మ మాలీ మీదకొచ్చింది. "మా ఇంట్లో విమానమెక్కే మొదటి మనిషి ఇదే! దీని నోటికాడ కూడు తీసేశావు."

"ఇంకేం దారి లేదా?" అన్నాడు శిక్షకుడు విచెత్.

"టీకా వేయకూడదని కాగితం రాసివ్వగలను," అంది డాక్టరమ్మ. "దాన్ని చూసి రానిస్తారేమో. కానీ ఆ కాగితం దోమ చదవదు కదా."

తిరుగు ప్రయాణంలో మాలీ పక్కన కూర్చుంటే కొలాప్ లేచి వేరే సీటుకి పోయింది. బస్సు దిగాక మాలీ, కొలాప్ లేకుండా ఘానాకి తనూ రానంది.

"నీకూ టీకా అయిపోయింది కదక్కా!" అన్నాడు విచెత్.

"అయితే ఏం, వృథా పోదులే. మీరు వెళ్లిరండి."

మేం ఘానాలో ఉన్నప్పటి సంగతులు తర్వాత కొలాపే నాకు చెప్పింది. మాలీ రోజూ సాయంత్రం వాళ్లింటికి గంజి పట్టుకెళ్లేదట. ఈ పిల్ల తలుపు తీసేది కాదట. ఒకరోజు ఖాళీ డేరాలో కొలాప్ ఒంటరిగా చేతుల మీద నడుస్తుంటే మాలీ వచ్చి గట్టు మీద కూర్చుంది.

"అందరికీ దగ్గరుండి సూది పొడిపించావు. నన్నొక్కదాన్నే ఆపావు. నేనంటే నీకు పడదా?"

మాలీ అప్పుడు తమ్ముడి సంగతి చెప్పింది. "వాడు సూది లేక పోయాడు. నువ్వు సూది వల్ల పోతే నేను తట్టుకోలేనే," అంది.

కొలాప్ వచ్చి గట్టు మీద ఆమె పక్కన కూర్చుందట. "నాకింకా కోపంగానే ఉంది," అంది.

"ఉండనీ. కోపంగానే తిను."

గంజి, ఎండుచేప. రెండు గిన్నెలు తినేసిందట.

ఘానాలో మా గోపురం పైన ఇంకో పిల్లని నిలబెట్టాం. తిరిగొచ్చాక కొలాప్ నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే: "అది పైన ఎలా నిలబడింది?"

"కొంచెం వణికింది," అన్నాను.

"నేనైతే వణికేదాన్ని కాదు."

అమ్మమ్మ ఇప్పటికీ మాలీతో మాట్లాడదు. సంతలో ఎదురైనా మొహం తిప్పుకుంటుంది. కొలాప్ మాత్రం మేం తిరిగొచ్చిన సాయంత్రమే మా అందరి భుజాలూ తొక్కుకుంటూ పైకెక్కింది. అక్కణ్ణుంచి వంటగదివైపు చూసి, "పిన్నీ, ఆకలేస్తోంది!" అని కేకేసింది.